ఇద్దరు జాన్‌లలో మనవాడెవడు?

ప్రశ్న: నేను రెవెన్యూ శాఖలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. మాది కాకినాడ. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో నార్విచ్ దగ్గర ఉంటోంది. అల్లుడు ఇంగ్లిష్ అబ్బాయి. నేనూ మా ఆవిడా ఆరు నెలలకని వచ్చాం, ఇంకా రెండు నెలలుంది. మా వియ్యపురాలికి డెబ్బై నాలుగేళ్లు. వాళ్ల పూర్వీకులది నార్ఫోక్ కౌంటీలో మూడొందల మంది కూడా లేని పల్లె. ఆమె దగ్గర పాత బైబిల్ ఒకటి ఉంది. ముందు పేజీలో జాన్, మేరీల పెళ్లి 1847 అనీ, దాని కింద ఎనిమిది మంది పిల్లల పుట్టిన తేదీలూ రాసి ఉన్నాయి. ఈ జాన్ ఆమెకు ముత్తాత తండ్రి. 1851 జనాభా లెక్కల్లో అతని వయసు 27, వ్యవసాయ కూలీ, పుట్టింది ఆ ఊళ్లోనే అని ఉంది. చర్చి రిజిస్టర్ చూస్తే అదే ఇంటిపేరుతో ఇద్దరు జాన్‌లు తేలారు. ఒకడికి 1823లో బాప్తిస్మం. తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్నాయి. రెండోవాడికి 1825లో, తల్లి పేరే ఉంది, పక్కన ‘బేస్ బార్న్’ (అంటే పెళ్లికాని తల్లి బిడ్డ) అని రాశారు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం మొదటి జాన్‌ని తీసుకుని, అక్కణ్నుంచి ‘సర్’ బిరుదున్న ఒక నైట్ దాకా, నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచిన 1066 దాకా కలిపేసింది. మా వియ్యపురాలు దాన్ని ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించుకున్నారు. మనవరాలు స్కూల్లో దాని గురించి రాసిస్తానంటోంది. నాకేమో అనుమానం. అసలు మనవాడెవడో తేల్చేదెలా? రెండోవాడే అయితే ఆమెకు చెప్పాలా, ఊరుకోవాలా? మిగిలిన రెండు నెలల్లో ఇక్కడ ఏం చూడాలి, కాకినాడ వెళ్లాక ఏం చూడొచ్చు?
(తమ పేరు, ఆ పల్లె పేరు వేయవద్దన్నారు)

జవాబు: మీ అనుమానం వదులుకోకండి. రెవెన్యూలో చేసినవారు కాబట్టి లింకు డాక్యుమెంటు ఎక్కడ తప్పిపోయిందో చూడగానే మీకు తట్టింది. ఆ వృక్షం గీసినవాళ్లు మొదటి జాన్‌నే ఎందుకు పట్టుకున్నారో ఊహించడం కష్టం కాదు. అతనికి తండ్రి పేరుంది. తండ్రి పేరుంటే ఇంకో తరం పైకి వెళ్లొచ్చు. రెండోవాడిని తీసుకుంటే దారి అక్కడే ఆగిపోతుంది. రుజువు సంగతి వదిలేసి, పేర్లు ఎటు దొరికితే అటు నడిచారన్నమాట. అదే వృక్షం ఇంకో పది చోట్ల కనిపించినా పది సాక్ష్యాలుగా లెక్కపెట్టకండి. ఒకరు పెట్టింది మిగతావాళ్లు కాపీ చేసుకుంటారు, అంతే.

ఇక 1851 నాటి 27 ఏళ్లు. ఆ ఏడాది జనాభా లెక్కలు మార్చి 30న తీశారు. 1823లో పుట్టినవాడికి ఆ రోజుకి 27 లేదా 28, 1825లో పుట్టినవాడికి 25 లేదా 26. అంకె మొదటివాడి వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది గానీ దాన్ని నమ్ముకుని ముందుకెళ్లకండి. రిజిస్టర్‌లో ఉన్నది బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ కాదు. పెళ్లికాని తల్లి బిడ్డను ఏడాది, రెండేళ్లు ఆగి చర్చికి తీసుకురావడం వింతేమీ కాదు. పైగా ఆ రోజుల్లో కూలివాళ్లకు తమ వయసు ఉజ్జాయింపుగానే తెలిసేది. 1861, 1871, 1881 లెక్కల్లో అతని వయసు ఎంత రాశారో చూడండి. పదేళ్లకోసారి సరిగ్గా పదేళ్లే పెరిగిన మనిషి ఆ కాగితాల్లో అరుదు.

ముందు చేయాల్సిన పని చాలా చిన్నది. ఆ చర్చి భూస్థాపనల రిజిస్టర్ తెరిచి, 1823 నుంచి 1847 వరకు ఆ ఇంటిపేరుతో జాన్ అనే పిల్లాడు పోయాడేమో చూడండి. 1813 జనవరి నుంచి ఇంగ్లండ్ చర్చిలన్నింటికీ అచ్చు ఫారాలున్న రిజిస్టర్లు వచ్చాయి. భూస్థాపన ఫారంలో పేరు, నివాసం, తేదీ, వయసు గడులుంటాయి. ఆ గడిలో ‘జాన్, పసిబిడ్డ’ అని ఒక్క వరుస దొరికితే, దాని వయసు ఏ బాప్తిస్మంతో సరిపోతుందో చూస్తే చాలు, మీ తగాదా సగం తీరిపోయినట్టే. ఇంటర్నెట్ వృక్షాల్లో నూటికి తొంభై కూలిపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. చనిపోయిన పసివాడికి కూడా పెళ్లి చేసి, ఎనిమిది మంది పిల్లల్ని కట్టబెడతారు. ఇంకో సంగతి: బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టుకోవడం అక్కడ మామూలే. కాబట్టి మొదటి జాన్ తల్లిదండ్రులకే మూడో జాన్ ఉన్నాడేమో కూడా చూడాలి.

తర్వాత 1847 పెళ్లి. మీరు చెప్పింది బైబిల్‌లో రాసుకున్నది మాత్రమే. అసలు రిజిస్టర్ పేజీ చూడాలి. 1837 జూలై నుంచి పెళ్లి రిజిస్టర్‌లో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు రాయడానికి గడులు పెట్టారు. (తల్లుల పేర్లకు చోటు దొరికింది 2021 మే నెలలో. నూట ఎనభై ఏళ్లకు పైగా అమ్మ ఆ కాగితంలో లేదు.) జాన్ తండ్రి గడి ఖాళీగా ఉన్నా, అడ్డంగా గీత కొట్టి ఉన్నా రెండోవాడి వైపు గట్టి సూచన దొరికినట్టే. తండ్రి పేరు ఉంటే మాత్రం వెంటనే సంబరపడకండి. పాస్టర్ ముందు, పెళ్లికూతురి వాళ్ల ముందు గడి ఖాళీగా వదలడం ఇష్టంలేక తాత పేరో, మారుటి తండ్రి పేరో చెప్పినవాళ్లు ఉన్నారు. అసలు లేని మనిషిని పుట్టించినవాళ్లూ ఉన్నారు. అదే పేజీలో కింద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటాయి. వాళ్లెవరో తేల్చండి. కూలివాళ్ల పెళ్లిలో సాక్షి సాధారణంగా అన్నో, చెల్లెలో, వదినో అయి ఉంటుంది. ఆ అన్న ఎవరి కొడుకో తెలిస్తే జాన్ ఏ ఇంటివాడో తెలుస్తుంది. పెళ్లి ఎక్కువగా అమ్మాయి ఊళ్లో జరిగేది కాబట్టి, మీ పల్లె రిజిస్టర్‌లో లేకపోతే మేరీ పుట్టిన ఊరి రిజిస్టర్ చూడండి.

1841 లెక్కలు ఇంకో మెట్టు. వాటిని చదవడంలో మెలిక ఉంది. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు అయిదుగా కిందికి తగ్గించి రాయమన్నారు, కాబట్టి మీ జాన్‌లిద్దరూ ‘15’ గానే కనిపించొచ్చు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. ఏ ఊళ్లో పుట్టారో కూడా రాయలేదు, అదే కౌంటీలోనా కాదా అన్నది మాత్రమే ఉంది. అందుకని జాన్‌ని వెతకడం కంటే ఆ పెళ్లికాని తల్లిని వెతకండి. 1825 తర్వాత ఆమె పెళ్లి చేసుకుని ఉండొచ్చు. అప్పుడు పిల్లాడు మారుటి తండ్రి ఇంటిపేరుతో ఆ ఇంట్లోనే నమోదై ఉంటాడు. మీరు ఇంటిపేరు కొట్టి వెతికితే ఎన్నటికీ దొరకడు. లేదా పదిహేనేళ్ల కుర్రాడు కాబట్టి ఏ రైతు ఇంట్లోనో జీతగాడుగా, అక్కడే తిని అక్కడే పడుకుంటూ ఉండొచ్చు.

ఇదంతా చేశాక కూడా ఇద్దరూ బతికే ఉన్నారని తేలితే ఏం చేయాలి? ఇద్దరినీ చచ్చేవరకూ వెంబడించాలి. ఒకడు ఇంకో ఊళ్లో ఇంకో భార్యతో దొరికితే మిగిలినవాడు మీవాడు. ఇందుకు ఒక పద్ధతి ఉంది. ఆ ఊరి రిజిస్టర్‌లో ఆ ఇంటిపేరున్న ప్రతి బాప్తిస్మాన్నీ, పెళ్లినీ, భూస్థాపననీ ఒక్కో చీటీ మీద రాసుకోండి. మీకు సంబంధం ఉన్నా లేకపోయినా సరే. తర్వాత బల్ల మీద పరిచి కుటుంబాలుగా పేర్చండి. పేరు ఎలా రాశారన్నది పట్టించుకోకండి. రాయించేవాడికి చదువు లేదు, రాసేవాడు చెవిన పడ్డట్టు రాశాడు, ఒకే మనిషి ఇంటిపేరు మూడు పేజీల్లో మూడు రకాలుగా ఉంటుంది. మేరీ అన్న ఆమెను పాలీ అని, మార్గరెట్‌ను పెగ్గీ అని, ఆన్‌ను నాన్సీ అని కూడా రాస్తారు.

మీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ఒక్క మనిషి వెంట పడి పైపైకి ఎక్కకండి, ఊరు ఊరంతా చదవండి. లండన్ లాంటి చోట అది కుదిరే పని కాదు. మూడొందల మంది పల్లెలో కుదురుతుంది. రిజిస్టర్‌లో ఒక ఏడాది మొత్తం ఒకటి రెండు పేజీలకు మించదు. నెల తిరిగేసరికి ఆ ఊళ్లో కమ్మరి ఎవరో, ఎవరి పక్కన ఎవరున్నారో, ఏ చలికాలంలో పిల్లలు వరసగా పోయారో మీకు తెలిసిపోతుంది. అప్పుడు జాన్ ఎవడన్న ప్రశ్న తేలిక.

ఇంకో ముక్క. ఆ పెళ్లికాని తల్లిదీ మొదటి జాన్ తండ్రిదీ ఒకే ఇంటిపేరు. అంత చిన్న ఊళ్లో ఆమె అతని చెల్లెలో అక్కో అయ్యే అవకాశం ఎక్కువ. అలా అయితే ఈ జాన్‌లిద్దరూ మేనత్త, మేనమామ బిడ్డలు. ఇద్దరికీ తాత పేరే పెట్టి ఉంటారు. అప్పుడు మీరు ఎవరిని ఎంచుకున్నా ఆ తాత దగ్గరికే చేరతారు. కాకపోతే ఒక దారి కొడుకు మీదుగా, ఇంకో దారి కూతురి మీదుగా. ఆమె బాప్తిస్మం వెతికి ఆమె తల్లిదండ్రులెవరో చూడండి.

ఒక ఊరితో ఆగకుండా చుట్టుపక్కల ఊళ్లూ చూడాలి. నార్ఫోక్‌లో మధ్యయుగాల నాటి చర్చిలే 650కి పైగా ఉన్నాయి, ఒక గోపురం దగ్గర నిలబడితే ఇంకో రెండు కనిపించే చోట్లున్నాయి. కూలివాళ్లు పని ఎక్కడుంటే అక్కడికి కదిలారు, కానీ చాలావరకు ఆ పదిమైళ్ల లోపే. కొన్ని ఊళ్లలో భూమంతా ఒకే దొరది. పేదలను పోషించే పన్ను ఊరి మీద పడేది కాబట్టి, ఆ దొర తన ఊళ్లో కూలీలకు ఇళ్లు కట్టనిచ్చేవాడు కాదు. వాళ్లు ఒకే దొర చేతిలో లేని పక్క ఊళ్లో ఇరుకు గదుల్లో ఉండి రోజూ మైళ్లు నడిచి దొరగారి పొలానికి వచ్చేవాళ్లు. 1865లో ఆ ఖర్చును ఊళ్ల మీద నుంచి తీసి ఊళ్ల సమాఖ్యల మీద వేసేదాకా ఈ తంతు సాగింది. మీ కుటుంబం ఏ కారణమూ లేకుండా పక్క ఊరికి మారినట్టు కనిపిస్తే, మీ పల్లెలో భూమి ఎవరిదో ఒకసారి చూడండి.

బైబిల్ గురించి ఒక మాట. టైటిల్ పేజీలో అచ్చయిన సంవత్సరం చూశారా? 1847 పెళ్లి రాసిన బైబిల్ 1860లో అచ్చయి ఉంటే, మొదటి తేదీలన్నీ తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినవి. సిరా రంగు, చేతిరాత కూడా చూడండి. ఎనిమిది మంది పిల్లల పేర్లూ ఒకే చేతితో, ఒకే సిరాతో వరసగా ఉంటే అన్నీ ఒక్కసారే కూర్చుని రాసినట్టు. పెళ్లి తేదీకీ మొదటి బిడ్డ తేదీకీ మధ్య సరిగ్గా ఏడాది ఉంటే రిజిస్టర్‌తో పోల్చి చూడండి. నెలలు తక్కువ పడితే పెళ్లి తేదీని ఒక ఏడాది వెనక్కి జరిపిన బైబిళ్లు బోలెడు.

ఇప్పుడు రెండో జాన్ విషయానికి వద్దాం. మూసుకుపోయిందన్న ఆ దారిలోనే మంచి కాగితాలు ఉండే అవకాశముంది. 1825 అంటే పాత పేదల చట్టం నడుస్తున్న రోజులు. 1601 నుంచి ప్రతి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) తన పేదలను తానే పోషించుకోవాలి. అందుకు ఊరివాళ్లలోంచే ఓవర్సీర్లను నియమించి పన్ను వసూలు చేయించేవారు. పెళ్లికాని తల్లి బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరివాడే అయ్యేవాడు. అందుకని నెలలు నిండిన ఆడమనిషిని పురుడు రాకముందే పొలిమేర దాటించిన ఊళ్లూ ఉన్నాయి. దాటించలేకపోతే ఆమెను ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి, బిడ్డ తండ్రెవరో ప్రమాణం చేసి చెప్పమనేవారు. పేరు బయటపడితే అతని దగ్గర బాండు రాయించుకునేవారు, లేదా వారానికింత అని కట్టించుకునేవారు. అంటే బాప్తిస్మం రిజిస్టర్‌లో లేని తండ్రి పేరు ఓవర్సీర్ల కాగితాల్లో ఉండొచ్చు. ఉండకపోనూవచ్చు, ఈ కాగితాలు ఊరూరికీ ఒకేలా మిగల్లేదు. 1834లో చట్టం మారిపోయి భారమంతా తల్లి మీద పడింది గనుక, మీ జాన్ తొమ్మిదేళ్ల ముందు పుట్టడం పరిశోధకుడిగా మీకు కలిసొచ్చింది.

ఓవర్సీర్ల జమాఖర్చుల పుస్తకం దొరికితే వదలకండి. ఎడమ పక్క వారం, కుడి పక్క షిల్లింగులు, పెన్నీలు. మధ్యలో ఫలానా విధవకు కట్టెలు, ఫలానా కుర్రాడికి బూట్లు, ఫలానా వాడి శవపేటిక, మోసినవాళ్లకు బీరు. సమాధి రాయి వేయించుకునే స్తోమత లేని మనుషుల గురించి ఇంత దగ్గరగా చెప్పే పుస్తకం ఇంకోటి లేదు. రెండో జాన్ తల్లి పేరు పక్కన వారం వారం ఒకే మొత్తం కనిపిస్తూ ఒక నెలలో హఠాత్తుగా ఆగిందా? ఆ నెల్లో ఆమె పెళ్లయినా అయి ఉండొచ్చు, పిల్లాడు పోయినా పోయి ఉండొచ్చు. చూశారా, మళ్లీ భూస్థాపనల రిజిస్టర్‌కే వచ్చాం.

సెటిల్‌మెంట్ విచారణలు అనేవి కూడా అడగండి. 1662 చట్టం ప్రకారం, ఒక ఊరికి వచ్చిన పేదవాడు రేపు భారమవుతాడేమో అనుకుంటే అతన్ని సొంత ఊరికి తోలేయొచ్చు. సొంత ఊరేదో తేల్చడానికి అతని జీవితమంతా అడిగి రాసేవాళ్లు: ఎక్కడ పుట్టాడు, ఏ రైతు దగ్గర ఎంత జీతానికి కుదిరాడు, పెళ్లి ఎక్కడ, పిల్లలెందరు. పెళ్లికానివాడు ఒక రైతు దగ్గర పూర్తిగా ఏడాది పనిచేస్తే ఆ ఊరి హక్కు వచ్చేది. దాన్ని తప్పించడానికి కొందరు రైతులు యాభై ఒక్క వారాలకే కుదుర్చుకునేవారట. మన ఆఫీసుల్లో టెంపరరీ ఉద్యోగికి మధ్యలో ఒక రోజు బ్రేక్ ఇవ్వడం మీరు చూసే ఉంటారు.

వియ్యపురాలికి చెప్పాలా అన్నారు. చెప్పాలి, కానీ తేలాక. ఇప్పుడే ‘మీ ఫ్రేమ్ తప్పేమో’ అంటే రెండు నెలలూ ఇంట్లో టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తేలాక కూడా భోజనాల దగ్గర, మనవరాలి ముందు వద్దు. మీ అమ్మాయికో అల్లుడికో ముందు చెప్పి, ఆమె ఒక్కరూ ఉన్నప్పుడు ఆ పేజీ ఫొటో ఆమె చేతికే ఇవ్వండి. మీరు వివరించబోకండి, ఆమె చదువుకుంటారు. ఇంగ్లండ్‌లో ఈ పనిచేసే ప్రతివాళ్లకూ ఏదో ఒక తరంలో ఇలాంటి వరుస తగులుతుంది, ఇదేమీ ఆమె ఇంటికే పట్టిన మచ్చ కాదు. ఎందరో ఆ తల్లి కథనే అన్నిటికంటే ఇష్టంగా చెప్పుకుంటారు. కానీ ఎవరికి చెప్పాలి, ఎక్కడ రాయాలి అన్న నిర్ణయం ఆమెది. వియ్యంకుల హోదాలో మీరు చేయగలిగింది కాగితం తెచ్చి ఇవ్వడం వరకే. బతికున్నవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు మాత్రం ఏ వెబ్‌సైట్‌లోనూ పెట్టకండి. డీఎన్‌ఏ పరీక్ష సంగతి ఎవరైనా ఎత్తితే, అది ఆమె అనుమతితో, అన్ని కాగితాలూ చూశాక చేయాల్సిన పని.

నైట్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో పారిష్ రిజిస్టర్లు రాయమని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞాపించిందే 1538లో. మొదటివి చాలావరకు పోయాయి. 1598లో తోలు కాగితాల మీదికి ఎత్తి రాయించినప్పుడు 1558 నుంచి రాస్తే చాలన్నట్టు చేశారు, అందుకే ఎన్నో ఊళ్లలో మొదటి పేజీ అక్కడే మొదలవుతుంది. 1640ల అంతర్యుద్ధంలో మళ్లీ ఖాళీలు. కూలివాడి కుటుంబాన్ని ఆ ఖాళీల మీదుగా 1066కి తీసుకెళ్లడానికి కావాల్సిన కాగితం అసలు పుట్టనే లేదు. ఇంటిపేరుతో అమ్మే వంశచిహ్నాల (కోట్ ఆఫ్ ఆర్మ్స్) సంగతీ అంతే. అక్కడి చట్టం ప్రకారం చిహ్నం పొందిన మనిషికీ, అతని వారసులకే చెందుతుంది. ఇంటిపేరు కలిసినవాళ్లందరికీ కాదు. 1752కి ముందు తేదీలు చూస్తే ఒక్క జాగ్రత్త: అప్పటివరకు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కన 1721. 1733కి ముందు రిజిస్టర్లు లాటిన్‌లో కూడా ఉండొచ్చు.

మీకు అందరికంటే బాగా అర్థమయ్యే కాగితం వేరే ఉంది. 1836లో దశమభాగాల చట్టం వచ్చింది. పంటలో పదోవంతు చర్చికి ఇచ్చే పాత పద్ధతి తీసేసి డబ్బుగా కట్టమన్నారు. దానికోసం ఊరూరా సర్వే చేసి పటాలు గీశారు, ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు ముప్పాతిక భాగానికి. పటం మీద ప్రతి మడికీ, ప్రతి ఇంటికీ ఒక నంబరు. వెంట ఉన్న రిజిస్టర్‌లో ఆ నంబరుకి ఎదురుగా పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, పొలం పేరేమిటి, దున్నేదా పచ్చికా, విస్తీర్ణమెంత, కట్టాల్సిందెంత. మన ఎఫ్.ఎం.బి.ని (పొలాల కొలతల పటాల పుస్తకం), అడంగల్‌ని పక్కపక్కన పెట్టినట్టే. ఇంగ్లిష్‌వాళ్లు తలపట్టుకునే ఈ గళ్లు మీరు కాఫీ తాగుతూ చదివేస్తారు. సెంట్లు ఉండవు, ఎకరానికి నాలుగు రూడ్‌లు, రూడ్‌కి నలభై పెర్చ్‌లు; అదొక్కటే అలవాటు చేసుకోవాలి. పొలాల పేర్లు కూడా వదలకండి. ఇటుకబట్టీ పొలం, చర్చి వెనక మడి లాంటి పేర్లు చాలా ఉంటాయి. ‘పైటిల్’ అని ఉంటే నార్ఫోక్‌లో చిన్న కంచె మడి. కూలివాళ్లు అనుభవదారు గడిలో ఒక్క గుడిసెకి కనిపిస్తారు, లేదా ‘ఫలానావాడు, ఇతరులు’ అన్న మాటలో కలిసిపోతారు. అప్పుడు 1841 లెక్కలు తీసినాయన ఇంటింటికీ ఏ వరసలో నడిచాడో పటం మీద పెన్సిల్‌తో గీసి చూడండి. అటూ ఇటూ తెలిసిన ఇళ్లుంటే మధ్యలో జాన్ ఇల్లు ఎక్కడో చెప్పేయొచ్చు. ఆ కాలపు పటాన్ని ఈనాటి పటంతో పోల్చడానికి 1880ల ఆర్డ్‌నెన్స్ సర్వే (అక్కడి ప్రభుత్వ సర్వే శాఖ) పటాలు పనికొస్తాయి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్‌వి కూడా ఉచితంగా ఉన్నాయి.

మనవరాలికి రాయడానికి నైట్ కంటే మంచి విషయాలున్నాయి. ఊరి బడి లాగ్‌బుక్ అడగండి. హెడ్‌మాస్టర్ రాసిన ఆ పుస్తకాల్లో కోతలకు వెళ్లి బడి మానేసిన పిల్లలు, తట్టు తగిలి మూసేసిన వారాలు ఉంటాయి. నార్ఫోక్‌లోనే బర్స్టన్ అనే పల్లెలో 1914 ఏప్రిల్ 1న, తమ టీచర్లు హిగ్డన్ దంపతులను తీసేశారని పిల్లలే సమ్మె చేసి బడి నుంచి ఊరేగింపుగా బయటికొచ్చారు. ఊరివాళ్లు వేరే బడి కట్టుకుని 1939 దాకా నడిపారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. గ్రెసెన్‌హాల్‌లో 1770లలో పేదల కోసం కట్టిన పెద్ద భవనం ఇప్పుడు మ్యూజియం. వర్క్‌హౌస్ (పేదలను ఉంచి పని చేయించిన ఇల్లు) అంటే ఏమిటో పిల్లలకు అక్కడ చూపించొచ్చు. వెళ్లే ముందు మీ పల్లె ఏ సమాఖ్య కింద ఉండేదో చూసుకోండి, వర్క్‌హౌస్ వేరేది కావచ్చు.

రెండు నెలలు ఎలా వాడుకోవాలంటే: ఆన్‌లైన్‌లో దొరికేవాటి మీద అక్కడ ఒక్క గంట కూడా పెట్టకండి. జనాభా లెక్కలు 1841 నుంచి 1921 దాకా, జనన మరణ ఇండెక్స్‌లు కాకినాడలో కూర్చుని చూడొచ్చు. (1931వి మంటల్లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు. ఆ ఖాళీకి 1939 సెప్టెంబరు నాటి రిజిస్టర్ ఉంది.) నార్ఫోక్ చర్చి రిజిస్టర్ల ఫొటోలు చాలా ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఏటేటా బిషప్‌కి పంపిన నకళ్లు కూడా అక్కడ చూడండి. రిజిస్టర్‌లో చెరిగిన వరుస నకల్లో ఉండొచ్చు. ఫ్రీబీఎండీ అనే సైట్‌లోని జనన, వివాహ, మరణ ఇండెక్స్‌లు వాలంటీర్లు రాసిపెట్టినవి, డబ్బు కట్టనక్కర్లేదు. డబ్బు కట్టే సైట్లు కూడా అక్కడి ఊరి లైబ్రరీ కంప్యూటర్లలో సాధారణంగా ఉచితం. ప్రభుత్వ రిజిస్ట్రార్ ఆఫీసు సొంత ఇండెక్స్‌లో 1837 నుంచీ పుట్టిన పిల్లల తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. వియ్యపురాలి నుంచి జాన్ దాకా ప్రతి తరాన్నీ దాంతో ఒకసారి సరిచూడండి. బైబిల్ మీదే ఆధారపడొద్దు.

నార్విచ్‌లో కౌంటీ హాల్ పక్కనున్న రికార్డ్ ఆఫీసులో మాత్రమే చూడగలిగేవి పారిష్ పెట్టె కాగితాలు: ఓవర్సీర్ల లెక్కలు, బాండ్లు, విచారణలు, ఊరి సభల మినిట్స్. మీ రోజులన్నీ వీటికే ఇవ్వండి. 1858కి ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో నడిచాయి. నార్విచ్ కోర్టులవి ఇక్కడే ఉన్నాయి. ఆ ఇంటిపేరుతో పెళ్లికాని ముసలమ్మ వీలునామా ఉంటే తప్పక చదవండి, మేనల్లుళ్లను పేరుపేరునా చెప్పేది వాళ్లే. ఇంటి దగ్గరే కేటలాగ్‌లో ఊరి పేరు కొట్టి, ‘పీడీ’తో మొదలయ్యే నంబర్లు రాసుకోండి, ఆ ఊరి చర్చి కాగితాలకు ఇచ్చిన నంబర్లు అవి. సీటు ముందుగా బుక్ చేసుకుని, పాస్‌పోర్టుతో పాటు అక్కడి చిరునామాకు ఏ రుజువు ఒప్పుకుంటారో మీ అమ్మాయి చేత ఫోన్ చేయించి కనుక్కోండి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్ పట్టుకెళ్లండి. ఫోన్‌తో ఫొటోలు తీసుకోవడానికి రుసుము ఉంటే కట్టేయండి. చదవడం కాకినాడలో చదువుకోవచ్చు, ఉన్న టైమంతా ఫొటోలకే పెట్టండి. ప్రతి కట్టకీ ముందు దాని నంబరు రాసిన చీటీని ఫొటో తీయడం మరవకండి, లేకపోతే నెల తర్వాత ఏది ఎక్కడిదో మీకే తెలియదు.

చర్చికి వెళ్లినప్పుడు పాత రిజిస్టర్ల కోసం అడగకండి, వందేళ్లు దాటినవి మామూలుగా రికార్డ్ ఆఫీసుకి చేరిపోయి ఉంటాయి. సమాధి రాళ్ల మీద అక్షరాలు కనపడకపోతే బ్రష్‌తో రుద్దడం, సుద్ద పూయడం చేయొద్దు, రాయి పాడవుతుంది. సాయంత్రం టార్చ్ లైటు పక్క నుంచి వేస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా చాలావరకు చదవొచ్చు. జాన్ కూలివాడు కాబట్టి అతనికి రాయి లేకపోయినా ఆశ్చర్యం లేదు. అతని మరణ ధృవీకరణ పత్రం తెప్పించి, సమాచారం ఇచ్చినవారి గడిలో ఎవరి పేరుందో చూసి నాకు రాయండి.